ఆఖరి బంతిలో మా బావ

మా బావ పోయిన సంగతి నాకు బడిలో, మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చదివిస్తుండగా తెలిసింది. తాండూరు నుంచి వచ్చే పొద్దుటి ప్యాసింజరు వికారాబాద్ స్టేషన్లో ఆగి వెళ్లిన కాసేపటికి మల్లయ్య బడి గుమ్మంలో కనిపించాడు. తాండూరులో మా అక్కా బావా ఉండే గల్లీలోనే అతని ఇల్లు. గొర్రెలు కాస్తాడు. గొంగడి భుజాన వేసుకుని, చెప్పులు బయట విడిచి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. ఆ నిలబడ్డ తీరు చూసే పిల్లలను చదవడం ఆపమన్నాను.

“టీచరమ్మా, సాబ్ పోయిండు. తెల్లారంగ చాయ్ తాగిండు, గోడకు ఒరిగిండు, గంతే,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “మీ అక్క ఏడుస్తలేదు. నీళ్లకాడ పంచాది పెట్టింది. నల్లా నీళ్లతోటి సాబుకు తానం పొయ్యొద్దంటది. రాతిబావి నీళ్లే గావాల్నంట. ఇంటి ముందట నల్లా పెట్టుకొని, గీ ఎండల పట్టాలు దాటి ఎవలు పోతరని పెద్దమనుషులు గులుగుతున్నరు. మీరొచ్చి ఒక్కమాట చెప్పాలె.”

ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి? పిల్లలను హెడ్మాస్టరుగారికి అప్పజెప్పి, కొంగు నోట్లో కుక్కుకుని స్టేషనుకు నడిచాను. తాండూరు బండి రాగానే ఆలోచించకుండా ఆఖరి డబ్బా ఎక్కాను. ఎక్కి కూర్చున్నాక ఏడుపు తన్నుకొచ్చింది. అది మా బావ డబ్బా.

మా బావ రెండుసార్లు ఎమ్మెల్యే. ఎక్కడి నుంచి, ఏ పార్టీ అన్నది రాయను. మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్లకు దానితో పనిలేదు. పేరు కూడా రాయను. ఆయన పేరు నేనెప్పుడు పలికాను గనక? మరదలికి బావ బావే. పెళ్లిపీటల మీద మా అక్క పక్కన ఉంగరం కోసం కుండలో చెయ్యిపెట్టి, ఉంగరం దొరికినా దొరకనట్టు నటించి అక్కను గెలిపించిన రోజు నుంచి ఆయన నాకు బావ. అప్పుడాయన బండల గనిలో లెక్కలు రాసే మున్షీ. వాళ్ల నాయన గొర్రెల మందల వెనక నడిచినవాడు.

నిజాం రాజ్యం పోయే కాలంలో జెండా పట్టుకున్నందుకు బావను జైల్లో వేశారు. పోలీసు యాక్షన్ అయ్యాక, నలభై ఎనిమిదిలో ఇంటికొచ్చాడు. గడ్డం పెరిగి, చేతిలో సత్తు చెంబుతో వచ్చిన మనిషిని అక్క మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టి, ఏడ్చి, అన్నం వడ్డించి కూర్చోబెడితే, “అందరు తిన్నరా?” అని అడిగాడట. “జైలుకు పొయ్యొచ్చి గిదేం సవాలు? ముందుగాల నువ్వు తిను,” అని అక్క కసిరింది. జైల్లో పప్పు తరిగిపోతున్న కొద్దీ బకెట్లో నీళ్లు పోసేవారని, వరసలో ఆఖరున నిలబడ్డవాడికి పసుపు రంగు తప్ప మరేమీ దక్కేది కాదని ఆయన తర్వాతెప్పుడో నాకు చెప్పాడు. “ముందట నిలబడ్డోనికి పప్పు బాగనే ఉన్నదనిపిస్తది పిల్లా. అబద్ధం గాదు, వానికి బాగనే ఉంటది,” అన్నాడు.

అక్కడ మొదలైన అలవాటే ఎమ్మెల్యే అయ్యాక ఆయన పని చేసే పద్ధతి అయింది. పెళ్లి కానివ్వండి, దినాలు కానివ్వండి, ఎవరి ఇంటికి భోజనానికి పోయినా మా బావ ఆఖరి బంతిలోనే, అంటే అందరూ తిని లేచాక వేసే వరసలోనే, కూర్చునేవాడు. ఆ రోజుల్లో ఆఖరి బంతిలో కూర్చునేది ఎవరో మా వైపు అందరికీ తెలుసు. పొలాల్లో జీతమున్నవాళ్లు, డప్పులు కొట్టినవాళ్లు, అంట్లు తోమేవాళ్లు. కోట్‌పల్లి దగ్గర ఒక పెద్ద రైతు ఇంట్లో పెళ్లికి నేనూ వెళ్లాను. మొదటి బంతిలో ఎమ్మెల్యే కోసం పీట వేసి, పెద్ద విస్తరి వేశారు. ఆయన పశువుల కొట్టం పక్కన, జీతగాళ్ల నడుమ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇంటాయన చేతులు నలుపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

“సాబ్, మీ ఇస్తారి లోపలేసినం. పరువు పోతది సాబ్, లేవుండ్రి.”

“గిక్కడేస్తే పప్పు దిగదా పటేలా?” అన్నాడు బావ.

లోపలినుంచి ఆయనకొక్కడికే ఒక చిన్న గిన్నెలో చిక్కటి పప్పు తెచ్చి వడ్డించారు. బావ పక్కవాడి విస్తరిలోకి చూశాడు. అందులో పప్పు విస్తరి దాటి నేలమీదికి పారుతోంది. తన విస్తరి అతని ముందుకు జరిపి, అతనిది తన ముందుకు లాక్కున్నాడు. ఆ పప్పునీళ్లే కలుపుకుని తిని, వంటవాళ్ల వైపు తిరిగి, కేకేసి అడిగాడు: “ఆఖరోళ్లకు అందిందా?”

ఆ మాట ఊళ్లల్లో పాకిపోయింది. ఆయన వస్తున్నాడంటే వంటవాళ్లు పప్పులో నీళ్లు పొయ్యడానికి జంకేవాళ్లు. “సాబ్ వస్తుండంటె కడుపునిండ తినొచ్చు,” అని జీతగాళ్లు సంబరపడేవారు. తాండూరు కందిపప్పు రుచి మాకు ఆయన ఎమ్మెల్యే అయ్యాకే తెలిసిందని ఒక ముసలాయన నాతోనే అన్నాడు.

శాసనసభలో ఆయన పెద్ద వక్త కాదు. చదువుకున్నదంతా ఉర్దూలో. హైదరాబాద్ రాష్ట్రం ఉన్నన్నాళ్లు ఆ ఉర్దూతో బాగానే నెగ్గుకొచ్చాడు. ఆంధ్రప్రదేశ్ అయ్యాక కొందరి తెలుగు ఆయనకు సగమే అర్థమయ్యేది, ఆయన తెలుగు వాళ్లకు ఆ సగం కూడా అయ్యేది కాదు. బాధగా ఉండదా బావా అని అడిగితే, “లేచుడు, ఒక్కమాట అడుగుడు, కూసునుడు. దానికెంత భాష గావాలె?” అని నవ్వాడు. ఒకసారి నేను గ్యాలరీలో కూర్చుని కళ్లారా చూశాను. విత్తనాలు పంచామని ఒక పెద్దాయన చాలాసేపు చదివాడు. మా బావ లేచి, “ఆఖరి ఊరికి అందినయా?” అని అడిగి కూర్చున్నాడు. కొందరు నవ్వారు. జవాబు చెప్పాల్సినాయన మాత్రం నవ్వలేదు, కాగితాలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు.

ఇక రైలు. పై తరగతిలో దర్జాగా పోయే వీలున్నా, పొద్దుటి ప్యాసింజరులో గార్డు డబ్బాకు ముందున్న ఆఖరి డబ్బాలోనే కూర్చునేవాడు. ఆలస్యంగా ఉరుక్కుంటూ వచ్చే ముసలివాళ్లకు అందేది అదొక్కటేనని ఆయన లెక్క. వికారాబాద్‌లో ఇంజను నీళ్లు పట్టుకునేలోపు నేను జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు మూటగట్టి తీసుకుపోయేదాన్ని. అనంతగిరి వైపు నుంచి తెల్లారకముందే నడిచొచ్చిన జనం అక్కడ బండెక్కి, తమ గోడు చెప్పుకుని, తర్వాతి స్టేషన్లో దిగిపోయేవాళ్లు. “టికెటు తీసుకున్నవా? ముందుగాల గది చూపియ్యి, తర్వాత దరఖాస్తు,” అని దబాయించేవాడు. నేనిచ్చిన రొట్టె మూట ఆ డబ్బాలో చేతులు మారీ మారీ, చివరికి ఆయన దగ్గరికి తొక్కు మాత్రమే చేరేది. నాకు ఒళ్లు మండేది. మూటలో ఒక రొట్టె అడుగున దాచిపెడితే, అదీ వెతికి పంచేవాడు మహానుభావుడు!

ఇదంతా వింటుంటే గొప్పగానే ఉంటుంది. మా అక్కను చూస్తేనే నాకు గొప్పగా ఉండేది కాదు.

తాండూరులో వాళ్ల ఇంటికి పొద్దున్నుంచి జనం. వచ్చినవాళ్లు ఎవరైనా తిన్నాకే మాట్లాడాలని బావ నియమం పెట్టాడు. మరి వండేదెవరు? పిల్లలు కలగని మా అక్క ఆ పొయ్యి ముందే వయసంతా గడిపింది. రొట్టెలు కొట్టీ కొట్టీ అరచేతులు కాయలు కాశాయి. నీళ్లు గల్లీలో లేవు. రైలుపట్టాలకు అవతల రాతిబావి ఉంది. బండపొరలు తొలిచి తవ్విన బావి, నీళ్లు తియ్యగా ఉంటాయి. కానీ పట్టాల మీద ఎప్పుడు చూసినా బండలు మోసే గూడ్సు బండి నిలిచి ఉండేది. అది కదిలేదాకా ఆగితే పొయ్యి మీద ఎసరు ఇగిరిపోతుంది. అందుకని ఆడవాళ్లు బిందె చంకన పెట్టుకుని డబ్బాల కింద నుంచి దూరి అవతలికి పోయేవాళ్లు, నిండు బిందెలతో మళ్లీ అలాగే వచ్చేవాళ్లు.

రెండోసారి గెలిచాక, వెంటపడి వెంటపడి, ఊరికి నల్లాలు మంజూరు చేయించింది మా బావే. పైపులు ఎటు నుంచి మొదలుపెట్టాలని అడిగితే, మా గల్లీ అన్నింటికన్నా ఆఖరున వెయ్యండి అన్నాడు. ఊరంతా పైపులు పడ్డాయి. ఆయన గల్లీ మొగ దగ్గరికి వచ్చేసరికి పైపులు అయిపోయాయి. మిగిలింది రెండో విడతలో అన్నారు. ఆ రెండో విడత ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

సెలవులకు నేను అక్కింట్లో ఉండగా, ఒకనాటి సాయంత్రం అక్క డబ్బాల కింద దూరుతున్నప్పుడు గూడ్సు కదిలింది. వెనకున్న ఆడవాళ్లు రెక్క పట్టి గుంజారు కాబట్టి బతికింది. బిందె మాత్రం చక్రం కింద అప్పడంలా అయిపోయింది. మోకాళ్లు చెక్కుకుపోయి, మాట పడిపోయి, ఆ చితికిన బిందెను ఒళ్లో పెట్టుకుని ఇంట్లో కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు బావ హైదరాబాద్ నుంచి వచ్చాడు. సంగతి విన్నాడు, అక్క కాళ్లకు పసుపు అద్దాడు. ఇంట్లో ఉన్న జనమంతా తిన్నాక, అలవాటు ప్రకారం ఆఖరున ఆయన కూర్చున్నాడు. నేను ఊరుకోలేకపోయాను.

“బావా, నల్లా గీ గల్లీకి ఎందుకు రాలే?”

“పైపులు అయిపోయినయి పిల్లా.”

“ఎమ్మెల్యే ఇంటికి పైపులు అయిపోతయా? ఎవలకు చెప్తున్నవ్?”

“ఎమ్మెల్యే ఇల్లు గనుకనే అయిపోయినయి. మనది ముందటేస్తే పని గిక్కడ్నే ఆగిపోతది. ఆఖరుకు పెట్టుకుంటే ఊరంత తిరిగి రావాలె గద.”

“తిరిగొచ్చిందా మరి?”

ఆయన రొట్టె తుంచుకున్నాడు. నేను వదల్లేదు.

“నీదే ఆఖరి బంతి అనుకుంటున్నవ్ బావా. కాదు. నువ్వు తిన్నంక మా అక్క తింటది. నువ్వు తానం జేసినంక మిగిలిన నీళ్లతోటి మా అక్క జేస్తది. ఆఖరోళ్లకు అందిందా అని దేశమంత అడుగుతవ్. నీ ఎనక కూసున్నామెను ఎన్నడన్న అడిగినవా?”

“నోరు మూసుకో చెల్లె! తినెటోన్ని తిననియ్యవా?” అని లోపలినుంచి అక్క అరిచింది. గూడ్సు కదిలినప్పటి నుంచి ఆమె నోట వచ్చిన మొదటి మాట అదే.

బావ రొట్టెముక్క పళ్లెంలో పెట్టేశాడు. వంటింటి వైపు చూస్తూ, “ఏమే, గిటు రా. గిక్కడ కూసో. కలిసి తిందం,” అన్నాడు. “గీ వయసుల గిదేం సంబరం? ఎవలన్న చూస్తే నవ్వుతరు,” అని అక్క రాలేదు. ఆయన ఆ రాత్రి ఇంకేమీ తినకుండా చెయ్యి కడుక్కున్నాడు.

ఆయన ఒక్క మాట అంటే పైపు వచ్చేదే. కానీ ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఓట్ల ముందు సొంత గల్లీకి పైపు వేయించుకుంటే బాగుండదని ఊరుకున్నాడు. ఈసారి ఓడిపోయాడు. చిత్రమేమిటంటే సొంత గల్లీ కూడా ఆయనకు ఓటు వెయ్యలేదు. ఆ మాట దాచుకోనైనా లేదు. మల్లయ్యే ముఖం మీద చెప్పాడు: “సాబ్, నువ్వు మంచోనివే. గని నీ గల్లీల ఉండి మా ఆడోళ్లు రైలు కిందికెల్లి దూరవట్టిరి. ఎట్లేద్దుము?” మా బావ, “నేనైనా గట్లనే జేద్దును మల్లయ్య,” అన్నాడట. ఓడిపోయిన మనిషిని ఓదార్చడానికి వెళ్లినవాళ్లే ఆ మాటకు కళ్లు తుడుచుకున్నారు.

తర్వాత కొద్దిరోజులకు నేను తాండూరు వెళ్లాను. స్టేషను దిగి నడుస్తుంటే ఎదురుగా మా బావ. ఖద్దరు ధోవతి మోకాళ్లపైకి ఎగ్గట్టి, భుజాన కావడి, అటో బిందె ఇటో బిందె. అలవాటు లేని భుజం, నీళ్లు ఒలికి ఒళ్లంతా తడిసిపోయింది. దుకాణాల అరుగుల మీద కుర్రాళ్లు నవ్వుతున్నారు. ఒకడు కేకేశాడు: “సాబ్, ఆఖరోళ్లకు అందిందా?”

“అందుతున్నయ్‌ రా, గిప్పుడే పోతున్న,” అన్నాడు బావ, ఆగకుండా.

ఇంట్లో అక్క తలుపు దగ్గరేసుకుని ఏడుస్తోంది. “నా పరువు తీస్తుండు చెల్లె. మొగోడు, ఎమ్మెల్యే చేసినోడు, నీళ్లు మోసుడేంది?” అంది. బావ కావడి దించి, ఆయాసపడుతూ నా వైపు చూశాడు.

“నువ్వడిగిన సవాలుకు జవాబు పిల్లా. సభల గింత ఆలస్యం కాదు. నాకే జర ఆలస్యమైంది.”

నోరున్న మరదలినే గానీ, ఆ రోజు ఒక బిందె ఎత్తి లోపల పెట్టి వచ్చాను.

అప్పటినుంచి ఆ ఇంటికి నీళ్లు మోసింది మా బావే. గూడ్సు నిలిచి ఉంటే డబ్బాల కింద దూరేవాడు కాదు, ఎవరినీ దూరనిచ్చేవాడు కాదు. ఎంతసేపైనా కావడి దించి, ముచ్చట్లు చెబుతూ అందరినీ నిలబెట్టేవాడు. “ఎసరు ఇగిరితే మల్ల పోసుకోవచ్చు. మనిషిని మల్ల పోసుకుంటమా?” అనేవాడు. మెల్లగా గల్లీ అంతా ఆగడం నేర్చుకుంది. జనం పలచబడిన ఇంట్లో ఆయనే అక్కకు పీట వేసి, ఇద్దరికీ పళ్లేలు పెట్టేవాడు. మొదట్లో తలుపేసుకుని తిన్న అక్క, తర్వాత తర్వాత తలుపు తీసే తినేది.

పోయిన ఎండాకాలం గల్లీకి నల్లా వచ్చింది. నువ్వే తిప్పు సాబ్ అంటే ఆయన అక్క చేత తిప్పించాడు. ఎర్రటి నీళ్లు బుసకొట్టి, కాసేపటికి తేటపడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. అయినా బావ రోజూ రాతిబావి నుంచి ఒక్క బిందె తేవడం మానలేదు. నల్లా నీళ్లతో చాయ్ రుచి లేదని వంక. ముసలితనంలో ఎందుకీ పీడ అని నేను కోప్పడితే, “పని లేకుంటే మీ అక్క నన్ను ఇంట్ల ఉండనిస్తదా?” అన్నాడు.

మొన్న నేను వెళ్లేసరికి ఆయనను వాకిట్లో పడుకోబెట్టారు. పక్కన నల్లా కింద కాగు నిండి పొర్లుతోంది. అక్క గోడకు ఆనుకుని, చెంబు గట్టిగా పట్టుకుని కూర్చుంది. నన్ను చూసి లేచింది.

“చెల్లె, నువ్వన్న చెప్పు. ఆయన నాకు ఇన్నేండ్లు మోసిండు. ఒక్కనాడు నేను ఆయనకు మొయ్యొద్దా?”

నేను పెద్దమనుషుల వైపు తిరిగాను. “మా అక్క ఈ ఇంట్ల పుట్టెడు మందికి పెట్టింది. తనకోసం ఒక్కటి అడుగుడు నేను గిదే మొదటిసారి చూసుడు,” అన్నాను. ఈలోపు నా వెంటే రైలు దిగిన మల్లయ్య గొంగడి పక్కన పెట్టి, గోడకున్న కావడి అందుకున్నాడు. ఎదురింటామె బిందె తీసుకుని బయటికి వచ్చింది. తర్వాత ఇంకో ఇల్లు, ఇంకో ఇల్లు. ఓటు వెయ్యని గల్లీ అంతా బిందెలు పట్టుకుని వచ్చింది. ఒకప్పుడు అరుగు మీద నుంచి కేకేసిన కుర్రాడు కూడా చేతిలో బకెట్టుతో తలొంచుకుని వచ్చాడు. నువ్వు రావద్దమ్మా అని ఎవరో అంటే అక్క వినలేదు.

రాతిబావి దగ్గర నింపుకుని తిరిగొచ్చేసరికి పట్టాల మీద గూడ్సు నిలిచింది. ఎవరూ డబ్బాల కింద దూరలేదు. నడినెత్తిన ఎండ, నెత్తిన నిండు బిందెలు, అందరం ఒక వరసగా నిలబడ్డాం. బండి కదిలి, ఆ బండల డబ్బాలన్నీ పోయి, గార్డు డబ్బా కూడా దాటింది. ఎప్పటిలాగే అక్క పక్కకు జరిగి మిగతావాళ్లకు దారి ఇచ్చింది. మల్లయ్య కదల్లేదు.

“అమ్మా, ఇయ్యాల నువ్వు ముందట నడువు,” అన్నాడు. వరసలో ఎవరూ కదల్లేదు.

అక్క బిందె సర్దుకుని పట్టాలు దాటింది. ఆమె వెనక మేమందరం. గల్లీ మొగలో ఆమె ఆగి, బిందె దించకుండా, మెడ మాత్రం తిప్పి వెనక్కి చూసింది. పొద్దటి నుంచి రాని ఏడుపు అప్పుడు గొంతులోకి వచ్చింది.

“ఆఖరోళ్లకు అందినయా?” అని అడిగింది.

“అందినయమ్మా,” అన్నాడు వరస చివరనుంచి ఆ బకెట్టు కుర్రాడు.

గల్లీలో పరిచిన మా తాండూరు బండలు ఎండలో తెల్లగా, తడిస్తే నల్లగా ఉంటాయి. ఆ రోజు పట్టాల నుంచి మా బావ వాకిలి దాకా, ఒలికిన నీళ్లతో గల్లీ అంతా నల్లగా ఉంది. ఆయనను ఎత్తుకుని బయల్దేరినప్పుడు కూడా ఆ బండలు ఇంకా ఆరలేదు.